కార్డు ఉన్నవాళ్ళకే కొసరు

అమ్మకు,

నీ పెద్దమ్మాయి నమస్కరించి రాసేది. ఇక్కడ ఆయనా, పిల్లా, నేనూ ఒంట్లో బాగానే ఉన్నాం. అలవాటుగా "అందరం క్షేమం" అని రాయబోయి ఆగాను. అత్త సంగతి ఆ మాటలో ఇమడటం లేదు. తన ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఈ వారంలో తేలిపోతుంది. ఆ కంగారులో ఉండి నీ ఫోన్లు ఎత్తడం లేదు కానీ నీ మీద కోపమేమీ లేదు. కోపమంతా నా మీదే. ఎందుకో చివర్లో రాస్తాను. ముందే రాస్తే మిగతా ఉత్తరం నువ్వు చదవవు.

ఇదంతా ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ప్రయత్నించాను. నువ్వు "ఏమే, తిన్నావా?" అనేసరికి చెప్పదలచుకున్నది గొంతు దాటి రాదు. తిన్నానని చెప్పి పెట్టేస్తాను. కాగితమైతే మధ్యలో ఏమీ అడగదు.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. వంటింటి కప్పు కారడం ఆగింది. తాపీమేస్త్రీ నిచ్చెనెక్కి చూసి, "ఇది కారడం కాదమ్మా, అలగడం. ఏళ్ళ తరబడి ఎవరూ పైకి చూడలేదని అలిగింది" అని సిమెంటు పూసి వెళ్ళాడు. నీ కుట్టుమిషనుకు నూనె వేశాను. చెల్లి కొడుక్కి పళ్ళొస్తున్నాయని రాశావు, నోట్లో వేలు పెట్టి చూడకు. వాడిది నీ పోలిక. పట్టుకుంటే వదలడు.

మూసేసిన మన కిరాణా కొట్టు గది ఎలా ఉందని అడిగావు. అద్దెకు తీసుకున్న ఫోన్లు బాగుచేసే అతను గోడలకు నీలం రంగు వేయించాడు కానీ నీ బల్ల మాత్రం తీయలేదు. బల్ల అంచు మీద నీ మోచేయి ఆని ఆని అరిగి చిన్న పల్లం పడింది చూడు, విప్పిన మరలు అందులో వేసుకుంటున్నాడు. దొర్లిపోకుండా ఉంటాయట. "భలే చేయించారండీ" అన్నాడు. చేయించినది కాదని చెప్పలేదు.

ఇక పెద్ద కొట్టు. పాత సినిమాహాలు కూలగొట్టి వాళ్ళు కట్టిన రోజు నుంచీ నువ్వు ఆ వీధి గుండా నడవడం మానేశావు. నేనేమో వాళ్ళ మేడ మీద ఆఫీసులో సరుకు లెక్కలు చూసే ఉద్యోగంలో చేరాను. అప్పుడు నువ్వు ఒక్క మాట అనలేదు. అననందుకే ఇప్పటికీ అప్పుడప్పుడు కలుక్కుమంటుంది. అయినా నిజం రాయాలి. వాళ్ళ దగ్గర నూనె చవక, సబ్బు చవక. జీతం చెప్పిన తేదీకి వస్తుంది. అత్త అక్కడ కౌంటర్లో చేరిన వారం నాతో మొదట చెప్పిన విశేషం ఏమిటో తెలుసా? "ఆడవాళ్ళకి బాత్రూం ఉందే! తాళం కూడా పడుతుంది." మన కొట్లో వదినా ఆడపడుచులు మీరిద్దరూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్ళు తాగకుండా ఎలా నెట్టుకొచ్చారో అప్పటిదాకా నాకు తట్టనే లేదు.

కాలేజీలో ఆర్థికశాస్త్రం చెప్పిన రోజుల్లో ఈ పాఠం చాలా ధీమాగా చెప్పేదాన్ని. పెద్ద కొట్లు వస్తే కొనేవాడికి లాభం, చిన్న కొట్టువాడికి నష్టం, పనివాడికి కొంత అదీ కొంత ఇదీ అని. పుస్తకంలో ఆ ముగ్గురూ వేరువేరు మనుషులు. మన ఇంట్లో చూస్తే ముగ్గురూ ఒకే కంచం ముందు కూర్చున్నారు. అలాంటప్పుడు ఎవరి లాభాన్ని ఎవరి నష్టంలోంచి తీసెయ్యాలో నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.

అత్త పని విడి సరుకు కౌంటర్లో. పప్పులూ బియ్యమూ సంచిలో పోసి యంత్రం మీద పెడితే బరువూ ధరా చీటీ మీద అచ్చై వస్తాయి. చీటీ అంటించి సంచి ఇచ్చెయ్యాలి, అంతే. అత్త చీటీ అంటించేది. ఆ తర్వాత తన చెయ్యి దానంతటదే డబ్బాలోకి వెళ్ళి, ఇంకో గుప్పెడు తీసి సంచిలో వేసేది. నీ పక్కన నిలబడి ఇన్నేళ్ళు తూచిన చెయ్యి కదా. కొసరు వెయ్యకుండా సంచి మూతి ముడవడం దానికి చేతకాదు.

పప్పులో తరుగు ఎక్కువగా కనపడుతోందని పై ఆఫీసు నుంచి నిఘా మనిషి దిగాడు. అత్తను గదిలోకి పిలిచారు. బంధువునని నన్నూ కూర్చోబెట్టారు. టీవీలో అత్త చెయ్యి డబ్బాలోకి వెళ్ళడం, రావడం, మళ్ళీ వెళ్ళడం వేసి చూపించారు.

"ఇది మీరేనా అండీ?"

"నేనే. ఇంత లావుగా ఉన్నానా బాబూ?"

"ఈవిడకి పప్పు ఎక్కువ వేశారు. మీకేమవుతుంది?"

"ఏమవుతుందీ, కొనుక్కునే మనిషవుతుంది."

"వెనకాల ఉన్నాయన?"

"ఆయనా అదే."

"మరి అందరికీ వేశారే!"

"ఒకళ్ళకి వేసి ఒకళ్ళకి మానేస్తే పక్షపాతం కాదూ?"

మేనేజరు పెదవి కొరుక్కున్నాడు. నాకూ నవ్వు రాబోయింది. నిఘా మనిషి మాత్రం నవ్వలేదు. సరుకు తగ్గితే రాయడానికి అతని దగ్గర మూడే మాటలున్నాయి: పాడైంది, ఒలికింది, దొంగతనం. పాడవలేదు, ఒలకలేదు. కాబట్టి మూడోది రాస్తానన్నాడు.

అత్త లేచి నిలబడింది. "దొంగతనమా? లైట్ల కింద, నలుగురి కళ్ళ ముందు వేసింది దొంగతనమా? కొసరు ఎక్కడైనా దాచి వేస్తారా బాబూ?" కూర్చోమన్నా కూర్చోలేదు.

ఆ ఒక్క మాట కాగితం మీద పడితే ఈ కొట్లోనే కాదు, ఇంకే కొట్లోనూ అత్తను గడప తొక్కనివ్వరు. మామయ్య నడుం పడిపోయాక ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది అత్త జీతంతోనే అని నీకు తెలుసు. ఆ మాట పడలేదులే, కంగారుపడకు. ఎలా పడలేదో కాస్త ఆగి రాస్తాను.

పిండిమర బాబాయి నిన్ను అడిగానని చెప్పమన్నాడు. మర పక్కనున్న అతని చిన్న పప్పుల దుకాణం గుర్తుంది కదా, మనం మూసేశాక మన దగ్గర కొనేవాళ్ళు చాలామంది అతని దగ్గరికే మళ్ళారు. ధర కాస్త ఎక్కువైనా, కొసరూ కబుర్లూ ఉంటాయని. మొన్న పిండి పట్టించడానికి వెళ్తే మర ఆపి మరీ పలకరించాడు.

"ఏమ్మా ఎమ్మే! మీ కొట్లో కొసరు కూడా మొదలెట్టారటగా?"

"అవును బాబాయ్."

"కార్డు ఉన్నవాళ్ళకేనట?"

"అవును."

"ఇంకేం, రేపు తుమ్మినా కార్డుంటేనే చిరంజీవ అంటారన్నమాట." నవ్వాడు. నవ్వుతూనే ముఖం మీది పిండి తుడుచుకున్నాడు. "ధరలో నేను వాళ్ళతో ఎక్కడ తూగుతాను తల్లీ? ఇన్నాళ్ళూ ఆ గుప్పెడు పట్టుకునే నిలబడ్డాను. ఆ గుప్పెడూ పట్టుకుపోయారు. పైగా అందరూ అదే మాట, 'అక్కడా ఇస్తున్నారుగా బాబాయ్' అని."

మర ఒక్కటి ఉంచుకుని దుకాణం తీసేస్తున్నాడు. వేడి పిండి డబ్బా చంకన పెట్టుకుని ఇంటికి వచ్చేశాను.

ఇప్పుడు నీ ఉత్తరంలో నేను తప్పించుకు తిరుగుతున్న ముక్క దగ్గరికి వస్తాను. చెల్లి వాళ్ళ ఊళ్ళో పెద్ద కొట్టు మీద కూడా "కొసరు" అని ఎర్రటి అక్షరాలతో బోర్డు పెట్టారని రాశావు. చెల్లి ఒక పొట్లం తెస్తే నీ అరచేతిలో పోసుకుని చూసుకున్నానని రాశావు. "ఆ మాట ఇంకా గుర్తున్నవాళ్ళు ఎక్కడో ఉన్నారే! వాళ్ళకెవరు చెప్పారో గానీ, చల్లగా ఉండాలి" అన్నావు. ఆ దీవెన చదివిన దగ్గర్నుంచీ నాకు నిలకడ లేదు.

చెప్పింది నేనే అమ్మా.

ఆ గదిలో నిఘా మనిషి కలం తీస్తుంటే నేను లేచాను. అది దొంగతనం కాదన్నాను. దాన్ని కొసరంటారు, నిక్కచ్చి తూకం కొట్టుది, పైన పడే గుప్పెడు మనిషిది అన్నాను. అసలు కంటే కొసరు ముద్దని సామెత ఊరికే పుట్టలేదన్నాను. అక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు. పాఠం చెప్పిన అలవాటు కదా. ఆ గుప్పెడు పప్పు ఖర్చు మీరు పేపర్లో వేసే ప్రకటన ఖర్చు ముందు ఏపాటి, గుప్పెడు తీసుకున్న మనిషి బేరం మాని మళ్ళీ మీ గడపకే వస్తుంది, ఈ వీధిలో మిగిలిన చిన్న కొట్లు ఇంకా బతుకుతున్నాయంటే దీని వల్లే అని విడమరిచి చెప్పాను. ఆ రోజు నేను చాలా బాగా మాట్లాడాను. నా జన్మలో ఎప్పుడూ ఏ తరగతీ నా మాట అంత శ్రద్ధగా వినలేదు.

మేనేజరు చెడ్డవాడు కాదు. మనసు కరిగినట్టే కనిపించాడు. "కొసరు! మా నానమ్మ అడిగి మరీ వేయించుకునేదండీ. ఎన్నాళ్ళయిందో ఈ మాట విని" అన్నాడు. నిఘా మనిషి చేత కలం మూయించాడు. దొంగతనం అనే మాట పడలేదు. ఆ సాయంత్రం అత్త నా భుజం పట్టుకుని ఇంటిదాకా నడిచింది. "మీ నాన్న ఉంటే ఎంత మురిసేవాడే" అంది.

కొద్ది రోజులకే పై నుంచి పథకం దిగింది. అన్ని ఊళ్ళలో, అన్ని కొట్లలో కొసరు. గుప్పెడంటే మనిషికో రకంగా ఉంటుంది కాబట్టి గోడౌన్లోనే బొటనవేలంత పొట్లాలు కట్టించారు. కొట్టువాళ్ళిచ్చే సభ్యత్వ కార్డు చూపిస్తే పొట్లం. నేను ఆ పొట్లాల రాక, పోక లెక్క రాస్తూ కూర్చున్నాను. అత్తకు కొత్త నియమం చెప్పారు, చేత్తో ఒక్క గింజ కూడా వెయ్యకూడదని.

ఒక రోజు మన వీధిలో ఇస్త్రీ చేసే ఆమె వచ్చింది. ఆమెకు కార్డు లేదు. కార్డు తీసుకోవాలంటే ఫోనుండాలి, ఫోను కొడుకు దగ్గరుంది. అత్త చీటీ అంటించింది. ఆమె అలవాటు ప్రకారం సంచి మూతి తెరిచే పట్టుకుంది. అత్త తన కుడిచేతిని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని నిలబడింది. "కార్డుందా అమ్మా?" అంది. నేను మెట్ల మీద నుంచి చూస్తున్నాను. ఆమె కాసేపు అత్త ముఖం కేసి చూసి, సంచి ముడిచి, "ఏం అత్తా, కొట్టువాళ్ళ బట్టలు వేసుకోగానే నేనెవరో మర్చిపోయావా?" అని వెళ్ళిపోయింది.

నీ ఉత్తరానికి ఇన్నాళ్ళు జవాబు రాయనిది ఇందుకే. కానీ చెప్పాల్సింది ఇంకా ఉంది. అత్త కోపానికి కారణం ఇది కాదు.

పొట్లాలు బాగా నడిచేసరికి, కొసరుతో పాటు అసలు సరుకు కూడా గోడౌన్లోనే కట్టేస్తే పోతుంది కదా అనుకున్నారు పైవాళ్ళు. ఈ వారం చివరికి విడి సరుకు కౌంటరు ఎత్తేస్తున్నారు. తూచేదేమీ లేనప్పుడు తూచే మనిషి ఎందుకు? అత్త చేసిన తప్పేమీ లేదని ఈసారి చాలా మర్యాదగా చెప్పారు.

నేను మేనేజరు దగ్గరికి వెళ్ళాను. "పైవాళ్ళు మీ మాట ఇంకా తలుచుకుంటున్నారండీ. అలాంటి పాత మాట ఇంకొకటి, జనం గుండెకి తగిలేది, ఉందేమో చూడండి. దాని మీద కొత్త పథకం పెడితే, ఆ పనికి మీ అత్తగారినే పెట్టుకుంటానని నేను గట్టిగా అడగగలను. వట్టి చేతుల్తో అడగలేను" అన్నాడు. అతను మోసం చెయ్యడం లేదమ్మా. అతని చేతిలో ఉన్నది అంతే.

నా నాలుక మీద మాట ఉంది. బోణీ.

నువ్వు కొట్టు తెరిచాక ఇస్త్రీ ఆమె వచ్చేదాకా ఇంకెవరికీ సరుకు ఇచ్చేదానివి కాదు. ఆమె కొనేది అగ్గిపెట్టో, చిన్న సబ్బుబిళ్ళో. "నీ చేతి బోణీ మంచిది, తొందరగా రా తల్లీ, నీ కోసం బేరాలు ఆపుకుని కూర్చున్నా" అనేదానివి. అప్పటికే కార్లో వచ్చి నిలబడినాయన కూడా ఆమె వెనకే ఆగేవాడు. ఆమె ఆ క్షణం ఎంత నిటారుగా నిలబడేదో నాకు బాగా గుర్తు. అది వాళ్ళ చేతికి ఇస్తే ఏమవుతుందో కూడా నాకు తెలుసు. పొద్దున్నే ముందుగా వచ్చినవాళ్ళకి బోణీ బహుమతి అంటారు. జనం తోసుకుంటారు. ఆమె ఆ తోపులాటలో వెనక్కి పోతుంది.

"లేదండీ, ఇంకేమీ గుర్తు రావడం లేదు" అన్నాను. మెట్లు దిగుతుంటే, ఒకసారి చేసిన పొరపాటు రెండోసారి చెయ్యలేదని కాస్త గర్వం కూడా వేసింది. ఆ గర్వంతోనే నేరుగా అత్త ఇంటికి వెళ్ళి చెప్పాను. మెచ్చుకుంటుందనుకున్నాను.

అత్త మామయ్యకు నడుం పట్టీ బిగిస్తోంది. బిగించడం ఆపలేదు.

"ఏ మాటే?"

"బోణీ."

"బోణీ దాచావా?" అంది. "నా ఉద్యోగం ఇచ్చి బోణీ దాచావా?"

"అది అమ్మది అత్తా. వాళ్ళ చేతిలో పడితే..."

"ఎక్కడుందే మీ అమ్మ కొట్టు, బోణీ చెయ్యడానికి? ఆ బల్ల మీద ఇప్పుడు ఫోన్లు విప్పుతున్నారు. లేని కొట్టుకి బోణీ కాపలా ఏమిటే?"

మామయ్య "ఊరుకోవే, పిల్ల ఏదో..." అన్నాడు.

"మీరుండండి! పిల్లట పిల్ల, నెత్తిన సగం వెంట్రుకలు నెరిసిన పిల్ల." పట్టీ కొస గట్టిగా లాగింది. ఆయన మూలిగాడు. "ఆ రోజు కొసరు నన్నడిగి ఇచ్చావా? ఈ రోజు బోణీ నన్నడిగి దాచావా? రెండుసార్లూ పోయేది నా పనీ, తేల్చేది నువ్వూనా! దాచుకోవడానికి నీకు జీతముందే. నాకేముంది? ఇదిగో, మీ మామయ్య నడుముంది."

నేను ఏదో అనబోయాను. అత్త తలుపు వైపు చూపించింది. కోపంగా కాదు. అలసిపోయినట్టు. అప్పట్నుంచి నాతో మాట్లాడటం లేదు, ఎవరి ఫోనూ ఎత్తడం లేదు.

అప్పటినుంచీ ఆలోచిస్తూనే ఉన్నాను. ఇచ్చినందుకు బాబాయి దుకాణం పోయింది, అత్త కౌంటరూ పోతోంది. ఇవ్వనందుకు అత్త బతుకే పోతుంది. నేను మంచిదాన్ననిపించుకోవాలన్న ఆశ ఈ రెంటిలో ఎక్కడ ఎంత కలిసిందో తీసి చూడలేకపోతున్నాను. ఆ మాటల్ని నేను పుస్తకంలో నేర్చుకోలేదు, మీ ఇద్దరి చేతుల్లో చూశాను. అవి నావేనన్నట్టు ఒకటి పంచాను, ఒకటి దాచాను.

నిన్న మళ్ళీ అత్త ఇంటికి వెళ్ళాను. గుమ్మం దగ్గరే నిలబడి, "చెప్పమంటావా అత్తా?" అని అడిగాను. ఈసారి అడిగాను. అత్త బియ్యం చెరుగుతోంది. చేట కింద పెట్టి, "చెప్పు" అంది. లోపలికి వెళ్తూ ఆగి, "మా వదినకి మాత్రం నువ్వే రాయి. నేను రాయలేను" అంది.

అందుకే ఈ ఉత్తరం. నిన్ను కూడా అడగాలి, తెలుసు. అడిగి నీ జవాబు వచ్చేదాకా ఆగితే కౌంటరు గడువు దాటిపోతుంది. ఫోన్లో అడిగితే నువ్వు సరేనంటావు. నీకు కష్టమైనా అంటావు. అలాంటి సరే నాకొద్దు. నువ్వు ఇక్కడికొచ్చి ఎదురుగా కూర్చుని తిట్టు, పడతాను. ఇస్త్రీ ఆమె ముఖం ఎలా చూడాలో మాత్రం నాకింకా తెలియడం లేదు.

ఈ ఉత్తరం పోస్టు డబ్బాలో వేసి అటునుంచటే మేనేజరు దగ్గరికి వెళ్తున్నాను. గుర్తొచ్చిందండీ అని చెబుతాను. కొన్నాళ్ళకు మీ వీధిలో ఆ కొట్టు మీద "బోణీ" అని పెద్ద అక్షరాలు కనపడితే ముఖం తిప్పుకోకు అమ్మా. అత్తకు పని ఉందని అర్థం. కనపడకపోతే మాత్రం బిడ్డను చెల్లి చేతికిచ్చి వెంటనే బయల్దేరు. అప్పుడు అత్త తలుపు నువ్వు కొడితే తప్ప తియ్యదు.

ఇట్లు,
నిన్ను అడగకుండానే వెళ్తున్న
నీ పెద్దమ్మాయి